గానుగ దగ్గర పనిచేసేవాళ్ళ గురించి నాలుగు ముక్కలు రాయాలంటే

ప్రశ్న: మాది కావలి దగ్గర చిన్న గానుగ నూనె కంపెనీ. 2019లో మొదలుపెట్టాం. శనక్కాయల నూనె, నువ్వుల నూనె తీసి హైదరాబాదు, బెంగుళూరు, చెన్నైలకు పార్సిల్ పంపుతాం. సరుకు కొనేది, గోడౌను చూసేది మా నాన్న. ఫోన్లు, లెక్కలు నావి. గింజలు ఏరేవాళ్ళు ముగ్గురు, గానుగ దగ్గర ఇద్దరు, నూనె నింపి ప్యాకింగ్ చేసే అమ్మాయి, ఆటో నడిపే అతను, మొత్తం తొమ్మిది మందిమి. "ఎవరు చేస్తారమ్మా ఈ నూనె?" అని ఫోన్లో అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. అందుకని పార్సిల్లో పెట్టడానికి ఒక మడత కాగితం, కొట్లో గోడకు ఒక బోర్డు చేయించి అందరినీ పరిచయం చేద్దామనుకున్నాను. రాయబోతే అందరికీ అవే మాటలు వస్తున్నాయి: కష్టజీవి, నమ్మకస్తుడు, మా ఇంటి మనిషి లాంటిది. గింజలు ఏరే ఇద్దరు ఆడవాళ్ళు ఫోటో వద్దంటున్నారు. కాగితం అచ్చువేసే ప్రెస్సు ఆయన, పైన "మూడు తరాల గానుగ వారసత్వం" అని వేద్దామంటున్నాడు. మా తాతది చిల్లర కొట్టు. నాన్న పేరు ముందు పెట్టాలా? ఎవరి గురించి ఏం రాయాలి, ఎంత రాయాలి, వాళ్ళను ఎలా అడగాలి?

జవాబు: ముందు ప్రెస్సు ఆయన మాట తేల్చేద్దాం. మూడు తరాల వారసత్వం మీకు లేదు, కాబట్టి వేయకూడదు. గానుగ కులవృత్తిగా చేసిన గాండ్ల కుటుంబాలు మన వైపు ఉన్నాయి, ఆ మాట చెప్పుకునే హక్కు వాళ్ళది. మీ కాగితం కావలిలో ఎవరి చేతిలోనైనా పడి "వీళ్ళది చిల్లర కొట్టు కదా" అన్నారంటే, మిగతావాళ్ళ గురించి మీరు నిజంగా రాసినవి కూడా ఎవరూ నమ్మరు. "2019లో మొదలుపెట్టాం. అంతకు ముందు మా తాతది చిల్లర కొట్టు" అని ఉన్నదున్నట్టు రాయండి. కొట్టు నడిపిన ఇంట్లో సరుకు చూసి కొనడం తెలిసే ఉంటుంది. నూనె వ్యాపారానికి అది చిన్న అర్హతేమీ కాదు.

ఇక మీ అసలు ఇబ్బంది. "ఎవరు చేస్తారమ్మా?" అని అడిగే మనిషికి మీవాళ్ళ గుణగణాల మీద సందేహం లేదు. ఆ నూనె తన పిల్లల పళ్ళెంలోకి పోతుంది గనుక, గింజ పుచ్చిందో లేదో ఎవరు చూశారు, గానుగ ఎప్పుడు ఆపాలో ఎవరు చెప్పారు, తేరకముందే సీసాలో పోయకుండా ఎవరు అడ్డుకున్నారు అన్నది ఆయనకు కావాలి. కాబట్టి ఒక్కొక్కరి దగ్గరా ఒక్కటే వెతకండి: ఆ పనిలో ఈ మనిషి సొంతంగా తీసుకునే నిర్ణయం ఏమిటి? దేన్ని చూసి "ఇది పనికిరాదు" అంటారు? దాని చుట్టూ మూడు వాక్యాలు రాస్తే పరిచయం పూర్తయినట్టే. కష్టజీవి, నమ్మకస్తుడు అనే మాటలు తమంతట తామే అనవసరమైపోతాయి.

రాసిన ప్రతి వాక్యానికీ ఈ పరీక్ష పెట్టండి. పేరు తీసేసి పక్కవాళ్ళ పేరు పెట్టి చదవండి. అయినా అతికినట్టు సరిపోతే ఆ వాక్యం కొట్టేయండి. "నిజాయితీగా పనిచేస్తాడు" అన్నది తొమ్మిది మందికీ సరిపోతుంది, పక్క ఊరి రైసుమిల్లు వాళ్ళకూ సరిపోతుంది. "మా ఇంటి మనిషి లాంటిది" అన్నది కూడా తీసేయమనే మా సలహా. ఆమె మీ దగ్గర జీతానికి పనిచేస్తోంది, ఆ పనిలో ఆమెకు నేర్పుంది. ఆ నేర్పును చెప్పడమే ఆమెకు మర్యాద.

అడిగే తీరు మీదే అంతా ఆధారపడి ఉంది. కుర్చీ వేసి కూర్చోబెట్టి "నీ గురించి చెప్పు" అంటే ఎవరైనా ఊరు, పిల్లలు, ఎన్నేళ్ళ నుంచి పనిచేస్తున్నదీ చెప్పి ఆగిపోతారు. పని జరుగుతుండగా పక్కన నిలబడి, చేతిలో ఉన్నదాని గురించే అడగండి. "ఈ గింజ ఎందుకు పక్కకేశావు?" "ఈ బస్తా తూకం అయ్యాక కూడా ఎందుకు వద్దన్నావు?" "ఇప్పుడు నీళ్ళు చిలకరించావు, ఇంకో పది నిమిషాలు ఆగితే ఏమయ్యేది?" "నువ్వు రెండు రోజులు రాకపోతే మొదట ఏది పాడవుతుంది?" ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబు చాలాసార్లు మొత్తం పరిచయానికి సరిపోతుంది. వాళ్ళ అనుమతితో ఫోన్లో రికార్డు పెట్టుకోండి. మనిషికి పది నిమిషాలు చాలు. గానుగ తిరుగుతుంటే మాట వినపడదు కాబట్టి గానుగ దగ్గరివాళ్ళతో మాత్రం పిండి తీసే సమయంలో మాట్లాడండి. కిలోల లెక్కన కూలి తీసుకునే ఏరేవాళ్ళకు ఆ పది నిమిషాలు, ఫోటోకు పట్టే సమయం కూలి నష్టం. దాన్ని పని కింద లెక్కగట్టి ఇవ్వండి.

ఏరేవాళ్ళ సంగతే కాస్త వివరంగా చూద్దాం, ఎందుకంటే ఇలాంటి కాగితాల్లో వాళ్ళను ఒక్క ముక్కలో దాటేస్తారు. శనక్కాయలు వొలిస్తే నూరు కిలోల కాయకు డెబ్భై కిలోలకు అటూఇటూగా గింజలొస్తాయి. రెండున్నర కిలోల గింజలు ఆడితే సుమారు కిలో నూనె దిగుతుంది. లీటరు నూనె తూకం తొమ్మిది వందల గ్రాములకు కాస్త పైన ఉంటుంది. అంటే మీరు పంపే ప్రతి లీటరు వెనకా రెండుంబావు కిలోల గింజలు ఏరే ఆమె చేతుల్లోంచి వెళ్ళాయి. ముడుచుకుపోయిన గింజ, రంగు మారిన గింజ, బద్ద విప్పితే లోపల పచ్చటి బూజు కనిపించే గింజ, వీటిని ఆమె పక్కకు తీస్తుంది. ఆ బూజుల్లో కొన్ని అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. నూనెను శుద్ధి చేసే పెద్ద మిల్లుల్లో క్షారంతో కడిగే దశలు ఉంటాయి. గానుగ నూనెకు అవేవీ ఉండవు. మీ దగ్గర ఆ విషానికి అడ్డంగా నిలబడేది ఆమె చూపూ, ఆమె వేళ్ళే. ఇంత బరువున్న పనిని "గింజలు శుభ్రం చేస్తారు" అని రెండు మాటల్లో తేల్చేస్తే ఎలా?

ఆమె గురించి ఇలా రాయవచ్చు. పేరు ఉండాల్సిన చోటు ఖాళీగా వదిలాం:

"……… గారు. గింజలు ఏరతారు. ముడుచుకున్నదీ, రంగు మారిందీ చేటలో ఉండగానే తీసేస్తారు. అనుమానం వచ్చిన గింజను బద్ద విప్పి చూస్తారు. లోపల బూజు కనిపిస్తే ఆ చేటంతా మళ్ళీ మొదటి నుంచి ఏరతారు. ఒక్క గింజకు పట్టిందంటే పక్కవాటికీ పట్టి ఉంటుందని ఆమె లెక్క."

ఇందులో పొగడ్త ఒక్కటీ లేదు. చదివినవాళ్ళకు ఆమె మీద గౌరవం కలుగుతుంది, నూనె మీద ధీమా కలుగుతుంది. అయితే ఒక జాగ్రత్త. ఆమె నిజంగా చేటంతా మళ్ళీ ఏరితేనే ఆ మాట రాయాలి. మా నమూనా చక్కగా ఉందని దించేస్తే అది కూడా మూడు తరాల వారసత్వం లాంటిదే అవుతుంది. వాళ్ళు చెప్పింది రాయండి, మీరు కళ్ళారా చూసింది రాయండి. మరొకటి: ఏరడం వల్ల ప్రమాదం బాగా తగ్గుతుంది గానీ పూర్తిగా పోయిందని చెప్పాలంటే ల్యాబులో పరీక్ష చేయించాలి. "విషపదార్థాలు లేని నూనె" అని ఆమె పరిచయంలో ఇరికించకండి.

గానుగ దగ్గర ఉన్న ఇద్దరిలో ఎవరు ఏం నిర్ణయిస్తారో విడదీసి అడగండి. ఇద్దరికీ కలిపి "గానుగ నడుపుతారు" అని రాస్తే ఒకరు పని నేర్చుకుంటున్నారా, ఒకరు నేర్పుతున్నారా అన్నది పోతుంది. నువ్వుల దగ్గర పనితనం తెలిసిపోతుంది. నువ్వులు నలిగే దశలో కాసిని నీళ్ళు చిలకరిస్తేనే పిండి ముద్దకట్టి నూనె విడుస్తుంది. తక్కువైతే పిండి పొడిపొడిగా తిరుగుతూ వేడెక్కుతుంది, నూనె దిగదు. ఎక్కువైతే నూనె మసకబారి, ఆ తేమతో తొందరగా పాడవుతుంది. ఎంత నీళ్ళు అన్నది ఆ రోజు గింజలో ఉన్న తేమను బట్టి మారుతుంది. వానాకాలం కొలత ఎండాకాలానికి పనికిరాదు. ఈ తేడా ఆయనకు ఎలా తెలుస్తుందో ఆయన నోటనే చెప్పించి, ఆ మాటలే వేయండి. పిండిని గుప్పిట్లో నొక్కి చూస్తారా, రోకలి చప్పుడు మారడం వింటారా, ముట్టుకుని వేడి చూస్తారా? ఏది చెబితే అది. మన నెల్లూరు యాసలో చెప్పిన మాట ఉంటే పుస్తక భాషలోకి మార్చకండి, అర్థం కాదనిపించిన ఒకటి రెండు మాటలు మాత్రం సర్దండి.

నూనె నింపే అమ్మాయి పని ఓపికతో కూడుకున్నది. దిగిన నూనెను స్టీలు పాత్రల్లో రెండు మూడు రోజులు కదపకుండా ఉంచితేనే మడ్డి అడుగుకు చేరుతుంది. ఆర్డర్లు ఎక్కువైనప్పుడు ఆ గడువు కోసేయాలనిపిస్తుంది. కోసేస్తే మడ్డితో పాటు తేమ కూడా సీసాలోకి పోతుంది, కొన్ని వారాలకే కనరు వాసన మొదలవుతుంది. "ఇంకా తేరలేదు, ఈ రోజు నింపను" అని మీకే చెప్పగలిగే స్వతంత్రం ఆ అమ్మాయికి ఉంటే, పరిచయంలో రాయాల్సింది అదే. లేకపోతే ముందు ఆ స్వతంత్రం ఇచ్చి, తర్వాత రాయండి.

నాన్నగారి గురించి "వ్యవస్థాపకులు, దార్శనికులు" లాంటి మాటలు వద్దు. కాయ కొనేటప్పుడు ఆయన ఏం చూస్తారు? బాగా ఎండిన కాయను చెవి దగ్గర ఊపితే గింజ గలగలలాడుతుంది. గింజను వేళ్ళ మధ్య నలిపితే పైపొట్టు ఊడివస్తుంది. తేమ ఉంటే రెండూ జరగవు. మన తీరానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, తుపానులు. ఆ మూడు నెలలూ గోడౌనులో బస్తాలు గోడకు ఆనకుండా, నేలకు తగలకుండా చెక్కల మీద పెట్టించడం కొనడమంత ముఖ్యం. ఆయన చేసేది ఇదే అయితే ఇదే రాయండి. ఇక్కడే రైతుల సంగతి కూడా వస్తుంది. కాయ నేరుగా ఫలానా ఊరి రైతుల దగ్గర కొంటుంటే ఊరి పేరు వేయవచ్చు. యార్డులోనో వ్యాపారి దగ్గరో కొంటుంటే అలాగే చెప్పండి. మీరు ఒక్కసారి కొన్న రైతు ఫోటో వేసి "మా రైతు" అని ఏడాది పొడుగునా పంచడం కొనేవాళ్ళను తప్పుదోవ పట్టించడమే.

ఆటో అతని గురించి, మీ గురించి పొడుగు అవసరం లేదు. చెరి రెండు వాక్యాలు చాలు. పార్సిల్ ఎక్కించేటప్పుడు డబ్బా నిలువుగా ఉందో లేదో చూసేది అతనే అయితే అది రాయండి. ఫోన్ ఎత్తేది మీరు కాబట్టి నూనె బాగాలేకపోతే ఏం చేస్తారో రాయండి: మార్చి ఇస్తారా, డబ్బు తిరిగి ఇస్తారా, ఎన్ని రోజుల్లో.

వరస గురించి అడిగారు. నాన్న ముందా, వయసు ముందా, జీతం ముందా అని ఆలోచిస్తే ఎవరో ఒకరికి చిన్నతనం అనిపిస్తుంది. గింజ నడిచే దారిలోనే మనుషుల్ని నిలబెట్టండి. కొనేది నాన్నగారు కాబట్టి ఆయన సహజంగానే మొదట వస్తారు. తర్వాత ఏరే ముగ్గురు, గానుగ ఇద్దరు, నింపే అమ్మాయి, ఆటో, ఆఖరున మీరు. బాధ్యత వహించే పేరు, చిరునామా, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ) నంబరు కూడా మీ దగ్గరే చివరి పేజీలో ఉంటాయి. ఫిర్యాదు ఉన్నవాడు నేరుగా అక్కడికే వస్తాడు.

ఇప్పుడు ఫోటో వద్దన్న ఇద్దరు. వద్దన్నారు, అక్కడితో ఆగండి. కారణం అడగాల్సిన పని కూడా లేదు. ఇంట్లో ఒప్పుకోకపోవచ్చు, ఊళ్ళో ఎవరికైనా కూలికి పోతున్నట్టు తెలియడం ఇష్టం లేకపోవచ్చు, తెలియని చేతుల్లో తన బొమ్మ తిరగడం నచ్చకపోవచ్చు. జీతమిచ్చే మీరు రెండోసారి అడిగితే అది అడగడం కాదు, ఒత్తిడే. ఆ మాటకొస్తే మొదటిసారి కూడా మీరు కాకుండా ఏరేవాళ్ళలో పెద్దామె చేత అడిగించడం మంచిది. వద్దు అనడం వాళ్ళకు తేలికవుతుంది. నాలుగు దారులు ముందే చెప్పండి: ఫోటో పేరు రెండూ; పేరు ఒక్కటే; ముఖం లేకుండా చేతుల ఫోటో; ఏదీ వద్దు. నాలుగోది ఎంచుకున్నవాళ్ళ పని మాత్రం "గింజలు ఏరే ముగ్గురు" అని వచ్చేట్టు చూడండి. మనిషి కనపడకపోయినా ఆమె పని కనపడాలి. చేటలో గింజలు, వాటి మీద వేళ్ళు ఉన్న ఫోటో ముఖం కన్నా ఎక్కువ చెబుతుంది కూడా.

పేరు విషయంలో తొందరపడకండి. మీ జీతాల పుస్తకంలో ఉన్న పేరు, ఆధార్‌లో పేరు, అందరూ పిలిచే పేరు వేరువేరుగా ఉంటాయి. ఏది వేయమంటారో అడగండి. ఇంటిపేరు వేస్తే కులం తెలుస్తుందని కొందరికి ఇష్టం ఉండదు, వేయకపోతే వెలితిగా కొందరికి ఉంటుంది. అందరికీ ఒకే పద్ధతి పెట్టాలన్న నియమం ఏమీ లేదు. వయసు, భర్త పేరు, పిల్లల వివరాలు, సొంత ఫోన్ నంబరు వాళ్ళంతట వాళ్ళు కోరినా వేయవద్దనే చెబుతాం. ఆడవాళ్ళ పేరు, ఊరు, ఫోటో, పనివేళలు నాలుగూ ఒకేచోట ఉంటే ఆ సమాచారంతో వాళ్ళను ఎవరైనా వెతుక్కుంటూ రావచ్చు. ఊరు వేయాలనుకుంటే మండలం పేరుతో ఆపండి.

రాసింది ఎవరిదైతే వాళ్ళకు చదివి వినిపించండి, చదువు వచ్చినవాళ్ళకైనా సరే. వినేటప్పుడు ముఖం చూడండి. ఏ వాక్యం దగ్గర ఇబ్బందిపడ్డారో తెలుస్తుంది, ఆ వాక్యం తీసేయండి. తర్వాత ఒక కాగితం మీద, ఎక్కడ వాడతారో (పార్సిల్ కాగితం, గోడ బోర్డు), ఫోటో వాడతారా లేదా, మానేస్తే ఏం చేస్తారో తెలుగులో రాసి సంతకం తీసుకుని, ఒక కాపీ వాళ్ళకే ఇవ్వండి. ఇచ్చిన ఒప్పుదలను ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని కూడా అందులో రాయండి. ఫోటోలు, వివరాలు రేపు వాట్సాప్‌లోనో, ఇంకెక్కడో డిజిటల్‌గా వాడితే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఆ హక్కు రాసి ఉంది. కాగితానికీ అదే పాటించడం న్యాయం. గోడ బోర్డుకు ఒప్పుకున్నవాళ్ళు వాట్సాప్ స్టేటస్‌కు ఒప్పుకున్నట్టు కాదు. దానికి విడిగా అడగాలి.

ఫోటోల దగ్గర జరిగే తప్పులు దాదాపు అన్ని చోట్లా ఒకటే. ఫ్లాష్ వేస్తే నూనె పాత్రలు, జిడ్డు పట్టిన చెక్క తెల్లగా మెరిసి మనిషి మసకబారతాడు. ఉదయం ఎనిమిది, తొమ్మిది మధ్య తలుపు తీసి, వెలుగు పక్క నుంచి పడేట్టు నిలబెట్టండి. అందరినీ వరసగా నిలబెట్టి తీసిన గ్రూపు ఫోటో నుంచి ఒక్కొక్క ముఖం కోసి వేస్తే అచ్చులో చుక్కలు చుక్కలుగా వస్తుంది. మూడున్నర సెంటీమీటర్ల ఫోటో శుభ్రంగా అచ్చు కావాలంటే అడ్డంగా కనీసం 410 పిక్సెళ్ళు ఉండాలి. కాబట్టి ఒక్కొక్కరికీ విడిగా తీయండి. ప్రెస్సుకు వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, లేకపోతే నాణ్యత తగ్గిపోతుంది.

ఇంకొకటి, చాలామంది చూసుకోనిది. కొనేవాడు ఫోటోలో మనిషితో పాటు చుట్టూ ఉన్నది కూడా చూస్తాడు. నూనె పాత్ర మీదికి వంగిన మనిషికి తలకు టోపీ లేకపోతే, చేతికి వేలాడే గాజులుంటే, వెనక గోడ మీద బూజు ఉంటే వాటినే చూస్తాడు. ఆహారం తయారుచేసే చోట తల కప్పుకోవడం, వదులు నగలు తీసేయడం, ఏడాదికోసారి వైద్య పరీక్ష చేయించడం ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల్లోనే ఉంది. ఫోటో కోసం ఆ ఒక్క రోజు టోపీలు పెట్టించకండి. రోజూ పెట్టుకునే అలవాటు చేసి, నెల తర్వాత ఫోటో తీయండి. వాళ్ళ ముఖాల్లో ఆ తేడా కనిపిస్తుంది. పద్నాలుగేళ్ళలోపు పిల్లలు పని దగ్గర ఉన్న ఫోటో, అమ్మతో పాటు ఊరికే వచ్చిన బిడ్డదైనా సరే, వేయవద్దు. చూసేవాళ్ళకు అది బాలకార్మికుడి ఫోటోలాగే ఉంటుంది.

పొడుగు విషయానికొస్తే, ఎ4 కాగితాన్ని అడ్డంగా మూడు మడతలు పెడితే ఆరు ముఖాలు వస్తాయి. ఒకటి పేరుకు, ఒకటి చిరునామాకు పోతే నాలుగు మిగులుతాయి. తొమ్మిది మందికి నాలుగు ముఖాలంటే మనిషికి ముప్పై అయిదు నుంచి నలభై మాటలు. అంతకు మించితే ప్రెస్సువాళ్ళు అక్షరం చిన్నది చేస్తారు. తెలుగులో ఒత్తులు, గుణింతాలు పైకీ కిందికీ వస్తాయి కాబట్టి అక్షరం 11 పాయింట్లకు తగ్గకూడదు, ఒక వరస అడుగు నుంచి కింది వరస అడుగుకు 16 పాయింట్లు ఉండేట్టు చూడమనండి. లేకపోతే ఒక వరస ఒత్తు కింది వరస గుడిని తాకుతుంది.

మీరు ఫోన్లో టైపు చేసింది యూనికోడ్‌లో (ఏ ఫోన్లోనైనా, కంప్యూటర్లోనైనా తెరుచుకునే అక్షర పద్ధతి) ఉంటుంది. మన ప్రెస్సుల్లో చాలాచోట్ల ఇప్పటికీ వేరే పద్ధతిలో చేసిన పాత తెలుగు అక్షరాలైన అను ఫాంట్లతో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాంలో పని జరుగుతుంది. ఒకదాని నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు కొన్ని ఒత్తులు ఎగిరిపోతాయి, కొన్ని గుణింతాలు తారుమారవుతాయి. మామూలు మాటలో తప్పు పడితే చదివేవాడు సర్దుకుంటాడు, మనిషి పేరులో తప్పు పడితే ఆ మనిషి ఎప్పటికీ సర్దుకోలేడు. అందుకని ప్రూఫును (అచ్చుకు ముందు చూసుకునే నమూనా కాపీ) స్క్రీన్ మీద కాకుండా కాగితం మీద తీయించి, ఎవరి పేరు వాళ్ళకే చూపించి సరే అనిపించుకున్నాకే అచ్చుకు ఇవ్వండి.

ఎన్ని కాపీలు? ఆఫ్‌సెట్‌లో వెయ్యి వేస్తే కాపీకి ధర తగ్గుతుందని ప్రెస్సు ఆయన తప్పకుండా అంటాడు. వద్దు. తొమ్మిది మందిలో ఒకరు మానేసినా మిగిలిన కాపీలు అబద్ధం చెబుతుంటాయి. డిజిటల్ ప్రింటులో రెండు వందల చొప్పున వేయించుకోండి. కింద "ఈ వివరాలు ఫలానా నెల, ఫలానా సంవత్సరం నాటివి" అని చిన్నగా వేయండి. కాగితాన్ని పార్సిల్లో నేరుగా డబ్బా పక్కన పెడితే, మూత దగ్గర ఒక్క చుక్క కారినా మొత్తం తడుస్తుంది. చిన్న ప్లాస్టిక్ కవరులో పెట్టి, పెట్టె మూత లోపలివైపు టేపుతో అంటించండి.

మనుషుల పరిచయం రాస్తూ రాస్తూ నూనె గుణాల్లోకి జారిపోవడం కూడా మామూలే. "మా ……… గారు అరవై ఏళ్ళ వయసులోనూ ఆరోగ్యంగా ఉన్నారంటే ఈ నూనే కారణం" లాంటి వాక్యం ఎవరో ఒకరు రాద్దామంటారు. ఆహార పదార్థాల ప్రకటనలకు 2018 నాటి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనలు వర్తిస్తాయి. పార్సిల్లో పెట్టే కాగితమూ ప్రకటనే. గుండెజబ్బు రాదని, షుగరు తగ్గుతుందని రాయడం కుదరదు, ఒక మనిషి అనుభవంగా చెప్పినా సరే. సహజమైన, స్వచ్ఛమైన, సంప్రదాయ అనే మాటలకు కూడా ఆ నిబంధనల్లో షరతులున్నాయి. వాటి జోలికి పోకుండా పని గురించే రాస్తే ఏ చిక్కూ లేదు.

గోడ బోర్డు కథ వేరు. అక్కడ నిలబడి చదివే ఓపిక ఎవరికీ ఉండదు. మనిషికి పేరు, పని, ఒక్క వాక్యం. పేరు అర అంగుళం ఎత్తున, వాక్యం పావు అంగుళానికి తగ్గకుండా ఉంటే కౌంటరు అవతల నుంచి చదవవచ్చు. తొమ్మిది మందినీ ఒకే ఫ్లెక్సీ మీద వేయించకండి. ఒక్కొక్కరికీ విడి పలక, విడి మేకు. కొత్త మనిషి వస్తే ఒక పలక చేరుతుంది, మానేసిన మనిషిది తీసి ఆ మనిషికే ఇచ్చేయవచ్చు. మానేసిన వారం లోపే తీయండి. తగాదా పడి వెళ్ళినవాళ్ళదైనా, ఇష్టంగా వెళ్ళినవాళ్ళదైనా ఒకే పద్ధతి.

కొత్తగా చేరినవాళ్ళ గురించి మూడు నెలలు పూర్తయ్యాక రాయండి. మొదటి నెలలో పని నేర్చుకుంటుంటారు. "ఇది పనికిరాదు" అని సొంతంగా చెప్పేంత నమ్మకం ఇంకా వచ్చి ఉండదు. ఆ మాట మొదటిసారి ఎప్పుడు అన్నారో రాసిపెట్టుకోండి, వాళ్ళ పలక మీద వేయాల్సిన వాక్యం అదే అవుతుంది.